ఆంగ్ల సంభాషణములందలి వ్యంగ్యార్థము

"సాయంకాలం నాటకానికి వస్తావా?" అని యొక ఆంగ్లేయుడు మిత్రుని అడిగెననుకొందము. "మా అత్తగారు ఆరు గంటల రైలుకు వస్తున్నారు" అని మిత్రుడు బదులు చెప్పెను. వచ్చెదననిగాని రాననిగాని యాతడు చెప్పలేదు. నాటకము ప్రసక్తియే యా వాక్యమున లేదు. అయినను అడిగినవానికి సమాధానము ముట్టినది. ఈ రెండు వాక్యములను ఆంగ్లమున వ్రాసి మన విద్యార్థి చేతికిచ్చినచో ప్రతిపదార్థమును తడుముకొనక చెప్పును; క్రియ యే కాలమునకు చెందినదో నిరూపించును. "ఇంతకును ఆతడు నాటకమునకు వచ్చునా, రాడా?" అని యడిగినచో మాత్రము, వాక్యములో లేనిదానిని అడుగుచున్నారని తలచును. మాతృభాషలో ఇట్టి యుత్తరమును రెప్పపాటులో గ్రహించువాడే పరభాషలో ఏల తడబడుచున్నాడో, ఆ తడబాటును ఎట్లు తొలగింపవచ్చునో విచారించుటకు ఈ వ్యాసమున పూనుకొనుచున్నాము.

నేటి వాడుకలో వ్యంగ్యమనగా ఎత్తిపొడుపు అను నర్థము స్థిరపడినది. ఇచ్చట ఆ పదమును ఆలంకారికులు వాడిన యర్థమున, అనగా మాటలు నేరుగా చెప్పక స్ఫురింపజేయు నర్థము అను భావమున గ్రహింపవలెను. ఉదాహరణములను వాడుకభాషలోనే యిచ్చుచున్నాము. గ్రాంథికమున పెట్టినచో సంభాషణమునకు ప్రాణము పోవును.

సూర్యుడస్తమించెనను వాక్యమును భామహుడు కావ్యాలంకారమున ఎత్తి చూపి, ఇట్టిది కావ్యము కాదు, వట్టి వార్తయని త్రోసివేసెను. ఆ వాక్యమునే 11వ శతాబ్దిలో మమ్మటుడు కావ్యప్రకాశమున మరల గైకొని, వ్యంజనావృత్తిని స్థాపించుటకు సాధనముగా చేసికొనెను. ఒకరికి ఆ మాట శత్రువులపై బడుటకు ఇది యదనని తోపించును. ఒకరికి పని చాలింపవచ్చునని తోపించును. ఒకరికి ఆవులను ఇంటికి తోలవలెనని, మరియొకరికి సంధ్య వార్చవలెనని తోపించును. వాచ్యార్థమొక్కటియే, వ్యంగ్యార్థములు అనేకములు. అలంకారశాస్త్రము కావ్యములకే గాని కాఫీహోటలు మాటలకు పనికిరాదని తలచువారు ఈ యుదాహరణము కావ్యపంక్తి కాదనియు, నిత్యవ్యవహారపు మాటయనియు గమనింపవలెను. వక్త, బోద్ధవ్యుడు, కాకువు, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువాని విశేషములను బట్టి యర్థము మరియొక యర్థమును తోపించునని మమ్మటుడు చెప్పినది ఏ భాషకైనను చెల్లును.

పాశ్చాత్యులలో ఈ విచారణకు కొత్తదారి వేసినవాడు పాల్ గ్రైస్ అను ఆంగ్ల తత్త్వవేత్త. ఆయన 1967లో హార్వర్డు విశ్వవిద్యాలయమున విలియం జేమ్స్ ఉపన్యాసములు చేసెను. వానిలో 'లాజిక్ అండ్ కాన్వర్సేషన్' అను భాగము 1975లో అచ్చుపడినది. మాటలాడుకొనువారు ఒకరికొకరు సహకరించుచున్నారను నమ్మకమే యర్థగ్రహణమునకు మూలమని యాయన మతము. కావలసినంత చెప్పుట, నిజమని నమ్మినదే చెప్పుట, ప్రస్తుతమునకు సంబంధించినదే చెప్పుట, స్పష్టముగా చెప్పుట అనునవి యా సహకారమునకు నాలుగు మర్యాదలు. వక్త వీనిలో ఒకదానిని పైకి మీరినట్లు కనబడినను, శ్రోత సహకారమునందలి నమ్మకమును వదలుకొనడు; ఆ రెండును పొసగునట్లు, చెప్పని యర్థమును ఒకదానిని ఊహించుకొనును. 1986లో స్పెర్బర్, విల్సన్ అను విద్వాంసులు ఈ మర్యాదలన్నింటికిని బదులుగా ప్రాసంగికత అను నొక్క సూత్రమునే నిలిపిరి. సిద్ధాంతమునకు అది లాఘవమే కావచ్చును; తరగతిలో చెప్పుటకు మాత్రము నాలుగుండుటయే మేలని మా యభిప్రాయము. ఏ మర్యాద తప్పినట్లు కనబడుచున్నదని విద్యార్థిని అడుగుటకు అప్పుడు వీలగును.

అత్తగారి యుత్తరమునే చూతము. అడిగినది నాటకము, చెప్పినది రైలు. ప్రస్తుతమునకు సంబంధము లేనట్లున్నది. మిత్రుడు పిచ్చివాడు కాడు గనుక సంబంధముండి తీరవలెను. అత్తగారు వచ్చినచో అల్లుడు ఇంట నుండవలెను; ఇంట నున్నవాడు నాటకమునకు రాలేడు. మరియొకటి: "టపా వచ్చిందా?" "కుక్క ఇంకా మొరగలేదు." ఇచ్చట భాషాజ్ఞానము కంటె లోకజ్ఞానమే ముఖ్యము. ఆ యింటి కుక్క టపాబంట్రోతును చూచి మొరుగునని తెలిసినవానికే టపా రాలేదను నర్థము తెలియును.

ధ్వని యనునది ప్రత్యేకవృత్తి కాదు, అనుమానమే యని వ్యక్తివివేకమున మహిమభట్టు వాదించెను. కావ్యవిషయమున తరువాతి యాలంకారికులు ప్రాయికముగా ఆయనను అంగీకరింపలేదు. నిత్యసంభాషణవిషయమున మాత్రము మహిమభట్టుదే పైచేయి యని మాకు తోచుచున్నది. గ్రైసు కూడ వ్యంగ్యార్థము యుక్తిచేత సాధింపదగినదై యుండవలెననెను. ఇది సిద్ధాంతవివాదము మాత్రమే కాదు. సహృదయత్వమును తరగతిలో నేర్పలేము. అనుమానమైనచో హేతువు చూపవచ్చును, హేతువు చూపగలదానిని నేర్పవచ్చును. అయితే పొగను చూచి నిప్పును ఊహించుటకును దీనికిని ఒక భేదము కలదు. "మా అత్తగారు వస్తున్నారు, అయినా వస్తాను, ఆవిడకూ నాటకాలంటే ఇష్టమే" అని మిత్రుడు చెప్పవచ్చును. అప్పుడు వ్యంగ్యము తొలగిపోవును, వాక్యమునకు విరోధము రాదు. "నేను రాను, అయినా వస్తాను" అనుట మాత్రము చెల్లదు. చెప్పినదియేదో, స్ఫురించినదియేదో విద్యార్థి వేరుచేసికొనుటకు ఇంతకంటె సులభమైన పరీక్ష మరియొకటి లేదు.

కావలసినదానికంటె తక్కువ చెప్పుట ఆంగ్లేయుల కభ్యస్తమైన విద్య. "రెండు అధ్యాయాలూ చదివావా?" "మొదటిది చదివాను." రెండవది చదువలేదని చెప్పుటకు నోరు మెదపనక్కరలేకపోయినది. "కొత్త అధ్యాపకుడి ఉపన్యాసం ఎలా ఉంది?" "ఆయన కంఠం చాలా స్పష్టంగా ఉంటుంది." మన విద్యార్థి దీనిని పొగడ్త యనుకొనును. ఉపన్యాసమును గూర్చి యడుగగా కంఠమును గూర్చి మాత్రమే చెప్పుట ఉపన్యాసములో చెప్పదగినదేమియు లేదనుటయే. జడివాన కురియుచుండగా "ఎంత చక్కని రోజు!" అనుట వంటివి అత్యంతతిరస్కృతవాచ్యములు. వానిని గ్రహించుట మనవారికి కష్టము కాదు. వానిపై కాలము వెచ్చింపనక్కరలేదు.

అసలు చిక్కు కాకువులో నున్నది. "సూపూ చేపా బాగున్నాయా?" అని యడుగగా "ద సూప్ వాజ్ గుడ్" అని యుత్తరము వచ్చినదనుకొందము. 'సూప్' అను పదముపై స్వరము దిగి మరల కొంచెము పైకి లేచినచో, చేప బాగులేదను నర్థము దాదాపు చెప్పినట్లే. ఆంగ్లస్వరముల యిట్టి గతులను ఓకానర్, ఆర్నల్డ్ అనువారు 1961లో ప్రకటించిన గ్రంథమున విపులముగా వివరించిరి. తెలుగున ఇదే భావమును మనమెట్లు చెప్పుదుము? "సూపైతే బాగుంది" అందుము. లేదా "సూపు మాత్రం బాగుంది" అందుము. ఆంగ్లేయుడు గొంతులో దాచినదానిని మనము 'ఐతే', 'మాత్రం' అను మాటలలో పెట్టి చేతికిచ్చుచున్నాము. తెలుగున కాకువు లేదని కాదు. ఈ పనిని ఎక్కువగా మాటల కప్పగించితిమని మా భావము. అందుచే మన విద్యార్థి ఆంగ్లము వినునపుడు ఒక మాట కొరకు చెవియొగ్గి యుండును. ఆ మాట రాదు. స్వరము వచ్చిపోయినది, దానిని ఆతడు పట్టుకొనలేదు. అచ్చుపుస్తకములో స్వరము కనబడదు గనుక పుస్తకము వలననే ఆంగ్లము నేర్చిన తరములకు ఈ లోపము తప్పలేదు. ఒక్కొక్కప్పుడు ఆ పదమును వాలు అక్షరములలో అచ్చువేయుదురు. దానిని అలంకారమని దాటిపోవువారే హెచ్చు.

ఉత్తరమునకు ముందు వచ్చు 'వెల్' అను చిన్నపదము ఇట్టిదే. "కిటికీ తెరవనా, మీకేమైనా అభ్యంతరమా?" అని యడుగగా, క్షణమాగి, "వెల్, నాకు కొంచెం జలుబు చేసింది" అనిరి. అంగీకారము సాధారణముగా తడవు లేక వచ్చును. నిరాకరణమే యిట్లు ఆగి, మెత్తని యొక పదమును ముందుంచుకొని, కారణమును మాత్రము చెప్పి యూరకుండును. నిఘంటువులో 'వెల్' అను పదమునకు 'బాగుగా' అను నర్థమును చూచుకొనినవానికి ఇది తలక్రిందులుగా కనబడును.

"ఒకసారి మా ఇంటికి భోజనానికి రావాలి" అని ఆంగ్లేయుడు చెప్పి దినము చెప్పకున్నచో అది తరచు మర్యాదయే కాని పిలుపు కాదు. పిలుపునకు దినము, వేళ కావలెను. అవి లేకుండుటయే హేతువు. మన "వీలుచూసుకొని ఒకసారి రండి" అనునదియు ఇట్టిదే కదా! "చూద్దాం లెండి" అన్నచో పని కాదని తెలుగువానికి ఎవరును చెప్పనక్కరలేదు. అట్టివాడే "వి విల్ సీ" అను మాట విని ఆశతో వేచియుండుట చూచినచో, వానికి లోపించినది ఊహాశక్తి కాదనియు, పరభాషలో ఆ శక్తిని వాడవచ్చునను ధైర్యమే యనియు తోచును. ఆంగ్లమును వ్యాకరణసూత్రముల ప్రోవుగా నేర్పుటవలన, ఆ భాషలో మనుష్యులు మాటలాడుకొందురను విషయమును వాడు మరచుచున్నాడు. 1964లో ఆరంభమైన టోఫెల్ పరీక్షలో చిన్న సంభాషణములను వినిపించి, వక్త సూచించినదేమియని యడుగు ప్రశ్నలు చిరకాలముండెను. అమెరికాకు చదువులకు వెళ్లు మనవారు వానికొరకు జాబితాలు కంఠస్థము చేసిరి. జాబితాలోని సంభాషణము జీవితములో మరల రాదు; హేతువును వెదకు పద్ధతి మాత్రము ప్రతిదినము అక్కరకు వచ్చును.

అనువాదకులకు దీనివలన కలుగు చిక్కు మరింత గట్టిది. వాచ్యమును మాత్రమే తెచ్చినచో వ్యంగ్యము జారిపోవును. వ్యంగ్యమును విప్పి వ్రాసినచో పాత్ర మొరటుదగును. "ఐ మస్ట్ నాట్ కీప్ యు" అను మాటను "నేను మిమ్మల్ని ఆపకూడదు" అని తెనిగించినచో పాత్ర తన తప్పును ఒప్పుకొనుచున్నట్లుండును. "ఇక వెళ్లండి" అనినచో అతిథిని గెంటినట్లగును. ఆ మాటను ఇంటి యజమానుడు తన గుమ్మమున చెప్పినచో ఇక దయచేయుడని యర్థము. వీథిలో ఎదురుపడినవాడు చెప్పినచో నాకు పనియున్నది, పోయెదనని యర్థము. మమ్మటుడు చెప్పిన దేశవిశేషమిదియే. తెలుగున రెండు చోట్లకును సరిపోవు వాక్యము మన యిండ్లలోనే యున్నది: "మీకు ఆలస్యమవుతుందేమో!"