కవచమును విడిపించు నేర్పు

ఆవకాయ జాడీలో ముక్కలపైన నూనె తేలుచుండవలెనని పెద్దలు చెప్పుదురు. ఆ నూనె రుచి కొరకు మాత్రమే కాదు; గాలిని, తేమను ముక్కకు తగులనీయక కాచుట దాని ముఖ్యమైన పని. కోతలు ముగిసిన పిమ్మట రైతు కొడవలికి ఆముదము రాచి చూరున దోపి ఉంచుటలోను ఈ తత్త్వమే కలదు. గాలియు నీరును కలిసి చేయు చెరుపునకు జిడ్డు అడ్డుగా నిలుచునను సంగతి యంత్రయుగము కనిపెట్టినది కాదు. యంత్రయుగము దానిని పెద్దయెత్తున వాడుకొన్నది, అంతే. అయితే కాపాడుటకు పూసిన పూత తన పని ముగిసిన తరువాత కూడ వదలక పట్టుకొని కూర్చున్నచో ఏమి చేయవలెను? విదేశమునుండి ఓడమీద వచ్చిన పాత కారు బానెట్టు ఎత్తి చూచిన వానికి ఎదురగు ప్రశ్న ఇదియే.

అక్కడ కనబడునది ముచ్చటైన దృశ్యము కాదు. ఇంజను చుట్టునున్న రేకులమీద, అల్యూమినియపు మూతలమీద, మరల తలలమీద తేనెరంగు పొర యొకటి గడ్డకట్టి యుండును. కొన్ని చోట్ల అది కారి, బొట్టుబొట్టుగా నిలిచిపోయి, చెట్టు బెరడుమీది జిగురును తలపించును. ఏండ్ల తరబడి పడిన దుమ్ము దానిలో కూరుకొనిపోయి, తేనెరంగు నశ్యపురంగుగా, నశ్యపురంగు నలుపుగా మారియుండును. నీరు పోసినచో నిలువదు. సబ్బు రుద్దినచో కదలదు. కొత్తగా కారు కొన్నవాడు దానిని పాత యజమాని అశ్రద్ధకు గుర్తుగా భావించి విసుగుకొనును. నిజమునకు అది అశ్రద్ధ కాదు. కర్మాగారమువారు బుద్ధిపూర్వకముగా తొడిగి పంపిన కవచము.

లేపనము కవచమైన కథ

ఇట్టి పూతలలో పేరు పొందినది కాస్మొలిన్. పెట్రోలియమునుండి తీసిన చిక్కని మైనపు జిడ్డు ఇది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున 1865లో నెలకొన్న హౌటన్ సంస్థ దీనిని వ్యాప్తిలోనికి తెచ్చినది. మొదట గాయములకు పూయు లేపనముగా దీనికి పేరు వచ్చినది. 1872లో చీజ్‌బరో అను రసాయనశాస్త్రజ్ఞుడు పేటెంటు పొందిన వాసెలిన్ దీనికి దగ్గరి చుట్టము. మనుష్యుని చర్మమునకు మేలుచేసిన జిడ్డే ఇనుమునకును మేలు చేయునని తెలిసిన తరువాత, అది మందుల బీరువానుండి ఆయుధాగారములోనికి నడచినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున తుపాకులు, ఇంజను భాగములు, విడి సామగ్రి ఈ జిడ్డులో మునిగి సముద్రములు దాటినవి. పెట్టె విప్పి తుపాకిని చేతికందుకొన్న సిపాయికి శత్రువుకంటె ముందు ఎదురైన ప్రత్యర్థి ఈ జిడ్డే. కిరసనాయిలుతోను, మరిగే నీటితోను దానిని వదిలించి గాని గురిచూచుటకు వీలులేకపోయెడిది. ఆ తుపాకులలో కొన్ని పెట్టెలలోనే ఉండిపోయి, దశాబ్దముల తరువాత బయటకు తీసినప్పుడు కూడ తుప్పు సోకక మిలమిల మెరసినవి. పూత యొక్క శక్తికి అంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

యుద్ధానంతరము ఓడలనెక్కినవి కార్లు. జర్మనీనుండి ఫోక్స్‌వ్యాగన్ కార్లు రెండు 1949లో అమెరికా చేరినవి. తరువాతి పదునైదేండ్లలో ఆ వ్యాపారము ఎంత పెరిగినదనగా, ఎగుమతులను ఉద్దేశించి 1964లో ఎమ్డెన్ రేవు ప్రక్కనే ఆ సంస్థ ఒక కర్మాగారమును తెరచినది. కొంతకాలమునకు జపాను కార్లును అదే బాట పట్టినవి. సముద్రయానమున గాలి యంతయు ఉప్పుతో నిండియుండును. ఉప్పునీరు ఇనుమును మాత్రమే తినదు. అల్యూమినియపు మూతలో ఉక్కుమర బిగించిన చోట ఆ నీరు చేరినచో రెండు లోహముల నడుమ చిన్న బ్యాటరీవంటిది ఏర్పడి, అల్యూమినియము తెల్లని పొడియై రాలిపోవును. ఈ చెరుపునుండి కాపాడుటకే కార్లకు మైనపు పూత చిమ్మి ఓడలకెక్కించిరి. రేవు చేరిన తరువాత పైతొడుగుమీది పూతను ద్రావకములతోను వేడినీటితోను కడిగివేయుటకు ప్రత్యేకముగా షెడ్లుండెడివి. తరువాతి కాలమున పైభాగమునకు మైనము బదులు ప్లాస్టిక్ పొర వచ్చినది. కాని బానెట్టు క్రింది పూతను ఎవరును కడుగలేదు; అది అక్కడనే ఉండి కాపాడవలెనని తయారుచేసినవారి ఉద్దేశము.

మొండితనము ఎక్కడిది?

కొత్త కాస్మొలిన్ మొండిది కాదు. సుమారు 45 నుండి 52 సెంటీగ్రేడు డిగ్రీల వేడికే అది కరగును. అనగా చేయి తాళలేని వేడినీరు చాలును. దానిని మొండిగా చేయునది కాలము. దానిలోని తేలిక నూనెలు ఏటేట ఆవిరియై పోవును. బరువైన మైనము మాత్రము మిగులును. ఇంజను వేడి దానిని మరల మరల కాచి, చల్లార్చి, వార్నీషువలె గట్టిపరచును. కూరుకొన్న దుమ్ములో ఇసుక రేణువులుండును గనుక, ఆ పొరను బలముగా రుద్దినవాడు తెలియకయే గరుకు కాగితముతో రంగును గీకినవాడగును.

పనసకాయ కోసిన యిల్లాలికి ఈ పూతను వదిలించు మర్మము తెలియనిది కాదు. పనసపాలు చేతికంటినచో నీటితో ఎంత కడిగినను పోవు. నూనె రాచినచో ఇట్టే వదలును. జిడ్డును జిడ్డే కరగించును. నీటికి మైనముతో పొత్తు లేదు. కిరసనాయిలునకు కలదు, రెండును ఒకే పెట్రోలియపు బిడ్డలు గనుక. రంగుల దుకాణములలో దొరకు మినరల్ టర్పెంటైను, నారింజ తొక్కలనుండి తీసిన నూనెతో చేయు ద్రావకములు ఈ జాతిలోనివే. వేడియు ద్రావకమును ఓర్పును కలిసినచో లొంగని పూత అరుదు. బలమొక్కటే నమ్ముకొన్నవానికి మాత్రము అది లొంగదు.

తీయవలెనా, ఉంచవలెనా?

చేయి పెట్టుటకు ముందు వేసికొనవలసిన ప్రశ్న ఇది. చూచుటకు బాగులేదనుట యొక్కటే చాలిన కారణము కాదు. పూత మెత్తగా, ఎడతెగక, లోహమును గట్టిగా పట్టుకొని యున్నంతవరకు అది కాపలాదారే. అంతేకాదు, అది సాక్షి కూడ. ముందు రేకులను బిగించిన మరలమీద కర్మాగారపు మైనము చెదరక యున్నచో, ఆ రేకులను ఎవరును విప్పలేదనియు, కారునకు ఆ దెస పెద్ద దెబ్బ తగిలి యుండదనియు అనుభవజ్ఞులు గ్రహింతురు. తనిఖీచేసినవారు సుద్దతోను రంగుతోను పెట్టిన గుర్తులు దాని చాటున భద్రముగా ఉండును. పాత కార్లను పునరుద్ధరించువారిలో ఈ పూతను ముట్టరాదని వాదించువారు ఉండుటకు కారణమిదియే. ఒకమారు తుడిచినచో ఆ సాక్ష్యము తిరిగి రాదు.

అయితే పూత ఎండి, పగిలి, అంచులు లేచినప్పుడు మాట వేరు. పగులులోనుండి దిగిన నీరు బయటకు పోవు దారి లేక లోపలనే నిలిచి లోహమును తినుచుండును. పైన కవచము, క్రింద తుప్పు. పగిలిన పూతకంటె పూత లేకుండుటయే మేలు, తుప్పు కంటికైనను కనబడును గనుక. ఇంజనునుండి నూనె కారుచున్నను, గొట్టము చెమర్చుచున్నను ఆ జిడ్డులో కలిసిపోయి పోల్చుకొన వీలుకాదు. ఇట్టి స్థితిలో తీయుట అవసరమగును. అప్పుడును కంటికి కనబడు భాగములను శుభ్రపరచి, రేకుల అతుకులలోను మూసిన గొట్టములలోను ఉన్న మైనమును ముట్టకుండుట వివేకము. అక్కడకు తిరిగి పూతను చేర్చుట కష్టము.

పని చేయు క్రమము

మొదటి నియమము ఇంజను పూర్తిగా చల్లబడవలెను. పొగ వెళ్ళు ఇనుపగొట్టము వందలకొలది డిగ్రీలు వేడెక్కును. దానిపై ద్రావకము పడినచో మంట లేచుటకు క్షణము చాలును. రెండవది పెట్రోలును దరిచేరనీయరాదు. కిరసనాయిలు ఆవిరి అంటుకొనుటకు సుమారు 38 డిగ్రీల వేడియైనను కావలెను. పెట్రోలు ఆవిరి గడ్డకట్టు చలిలో కూడ అంటుకొనును. వేసవిలో మన నీడపట్టు వేడియే 38 డిగ్రీలు దాటు దినములు కలవు గనుక కిరసనాయిలు విషయమునను ఏమరుపాటు తగదు. గాలి ఆడు చోట, పొయ్యికిని బీడీకిని దూరముగా, బ్యాటరీ ఋణధ్రువపు తీగ విప్పి, చేతులకు తొడుగులు ధరించి పని మొదలిడవలెను.

ఆల్టర్నేటరును, తీగల కూడళ్ళను, గాలి పీల్చు ద్వారమును, రబ్బరు బెల్టులను ప్లాస్టిక్ సంచులతో కప్పవలెను. కిరసనాయిలు సోకిన రబ్బరు ఉబ్బును. జిడ్డంటిన బెల్టు జారును. తరువాత కంటికి పడని మూల ఒకచోట గుడ్డకు ద్రావకము తడిపి అద్ది చూడవలెను. గుడ్డకు మైనముతోపాటు రంగు కూడ అంటినచో అంతటితో ఆగి, మెత్తని ద్రావకమునకు మారవలెను.

పరీక్ష అయిన పిమ్మట జానెడు మేరను మాత్రమే తీసికొని, ద్రావకము పూసి, పది నిమిషములు నాననీయవలెను. పనివారు తొందరపడి చెడగొట్టుకొనునది ఇచ్చటనే. నానిన మైనమును మెత్తని కుంచెతో కదల్చి గుడ్డతో ఎత్తవలెను. గుడ్డను తరచుగా మార్చవలెను, లేనిచో ఇక్కడ తీసినది అక్కడ పూసినట్లగును. మూలలలో గట్టిపడిన ముద్దలకు కొయ్యపుల్ల గాని ప్లాస్టిక్ ముక్క గాని వాడవలెను, ఉక్కుబ్లేడు పనికిరాదు. అప్పటికిని లొంగనిచో, ద్రావకమును పూర్తిగా తుడిచి ఆరనిచ్చిన తరువాతనే వేడిగాలిని గాని ఆవిరిని గాని ప్రయోగింపవలెను. ద్రావకమును మంటను ఒకేసారి కలుపుట ఆత్మహత్యతో సమానము. కాస్టిక్ సోడా వంటి ఘాటైన క్షారములు అల్యూమినియమును నల్లబరచి కొరికివేయును గనుక వానిని విడువవలెను. చివర సబ్బునీటితో కడిగి, తక్కువ ధారతో జాలించి, పొడిగా తుడువవలెను. మురికి ద్రావకమును కాలువలోనికి వంపుట పాపము. అది చేరునది ఎవరి బావిలోనికో. డబ్బాలో పట్టి, వాడిన ఇంజను నూనె సేకరించువారికి అప్పగించుట మంచిది. తడిసిన గుడ్డలను గుట్టగా వేయక విడివిడిగా ఆరవేయవలెను.

సగము పని

ఇంతటితో ఇంజను కొత్తదివలె మెరయును. పనివాడు నడుము నిలిపి సంతోషపడును. కాని అప్పటికి అయినది సగము పనియే. ఇన్నేండ్లు గాలి సోకని లోహము ఆ దినమున మొదటిసారిగా గాలికి ఎదురు నిలిచినది. విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము వంటి సముద్రతీరపు ఊళ్ళలో కిటికీ ఊచలకు, సైకిలు చక్రములకు ఉప్పుగాలి ఏమి చేయునో అక్కడివారికి చెప్పనక్కరలేదు. ఓడ ప్రయాణము కొన్ని వారములలో ముగియును. తీరమున కాపురము ముగియదు. కనుక శుభ్రపరచిన భాగములమీద, పొగగొట్టమును బెల్టులను విడిచి, పారదర్శకమైన పలుచని రక్షకపు మైనమును మరల పూసిన తరువాతనే బానెట్టు మూయవలెను.

భారతకథలో ఇంద్రుడు విప్రవేషమున వచ్చి కర్ణుని సహజకవచమును కోరి తీసికొనెను. ఆ కవచమును ఒడలినుండి కోసి ఇచ్చునప్పుడు కర్ణుడు పడిన బాధ కథ విన్నవారందరికి జ్ఞాపకముండును. ఇంద్రుడు ఊరక పోలేదు. బదులుగా శక్త్యాయుధము నిచ్చి పోయెను. ఒకరి కవచమును పుచ్చుకొన్నవాడు రిక్తహస్తముతో విడిచిపెట్టరాదను నీతి అందు కలదు. పాత ఇంజను ముందు కిరసనాయిలు గుడ్డతో కూర్చున్నవానికి కూడ అది వర్తించును.