చేపల తొట్టి నీళ్ళు ఎందుకు తెల్లబారతాయి? ఎలా తేటపడతాయి?

కొత్తగా అక్వేరియం కొన్న ఇంట్లో వారం తిరక్కుండానే వినబడే ప్రశ్న ఇది. నింపిన రోజు తేటగా ఉన్న నీళ్ళు మూడోనాటికి బియ్యం కడిగిన నీళ్ళలా అవుతాయి. ఇంట్లోవాళ్ళు కంగారుపడి చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు తోమి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి, మళ్ళీ నింపుతారు. రెండు రోజులు బాగానే ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది. అంత శుభ్రం చేసినా ఎందుకిలా అంటే, సగం కారణం ఆ శుభ్రం చేయడంలోనే ఉంది.

ఆ తెలుపు దేనిదో తెలుసుకోవడం ఎలా?

గాజు గ్లాసుతో తొట్టిలోని నీళ్ళు ముంచి, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. తొట్టిలో లైటు, రాళ్ళ రంగు కలిసి కంటిని మోసం చేస్తాయి. గ్లాసులో అసలు రంగు బయటపడుతుంది. పచ్చని ఛాయ ఉంటే నాచు. లేత టీ రంగు ఉంటే అలంకారానికి పెట్టిన చెక్కలోంచి దిగిన టానిన్లు. వాటివల్ల చేపలకు హాని లేదు, వారం వారం నీళ్ళు మారుస్తుంటే రంగు తగ్గిపోతుంది.

తెల్లగా ఉంటే ఆ గ్లాసును కదపకుండా రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి అడుగున సన్నటి పొర పేరుకుని పైనంతా తేటపడితే, అది సరిగ్గా కడగని రాళ్ళ దుమ్ము. కొంత అడుక్కి చేరుతుంది, మిగతాది ఫిల్టర్ పట్టేస్తుంది. తెల్లారినా ఆ తెలుపు అలాగే ఉంటే అది బాక్టీరియా. కొత్త తొట్టిలో ఎక్కువగా కనబడేది ఇదే.

అంత బాక్టీరియా ఎక్కణ్ణుంచి వచ్చింది?

నీళ్ళలో, గాల్లో, చేపల ఒంటిమీద బాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. తొట్టిలో దానికి దండిగా తిండి దొరికింది, అంతే. తొట్టిలో రెండు రకాల బాక్టీరియా ఉంటుంది. మొదటి రకం మిగిలిన మేతనీ, చేపల మలాన్నీ కుళ్ళబెట్టి తింటుంది. పరిస్థితి అనుకూలిస్తే గంటలోపే రెట్టింపవుతుంది. ఒక్కో కణం మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉంటుంది కాబట్టి స్పాంజికి చిక్కదు. కోట్లకొద్దీ కణాలు తేలుతూ వెలుతురును చెదరగొట్టడం వల్లే నీళ్ళు తెల్లగా కనబడతాయి.

రెండో రకం మనకు కావలసింది. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి, కుళ్ళిన మేత నుంచీ అదే వస్తుంది. ఈ రకంలో కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గానూ, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. నైట్రేట్ మాత్రం బాగా పేరుకుంటే తప్ప ఇబ్బంది పెట్టదు. ఈ బాక్టీరియా రెట్టింపవడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది. ఎక్కువగా నీళ్ళలో తేలదు, స్పాంజికీ రాళ్ళకీ అంటుకుని పెరుగుతుంది. కొత్త తొట్టిలో నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు కావాలి.

ఇప్పుడు ఆ కడగడం సంగతి చూడండి. రాళ్ళు తోమి, స్పాంజిని క్లోరిన్ నీళ్ళలో పిండినప్పుడు పోయేది నిదానంగా పెరిగే రెండో రకమే. గంటల్లో పెరిగే మొదటి రకం రెండు రోజుల్లో తిరిగొస్తుంది.

మరి ఏం చేయాలి?

ముందు మేత తగ్గించండి. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. చిటికెడు గింజలు వేసి అక్కడే నిలబడి చూస్తే ఎంత అడుక్కి జారిపోతోందో తెలుస్తుంది. పెరిగిన, ఆరోగ్యంగా ఉన్న చేపలు రోజు విడిచి రోజు తిన్నా ఏమీ కాదు.

ఎయిర్ పంపు ఆపకండి. కుళ్ళు తినే బాక్టీరియా ఆక్సిజన్‌ను కూడా లాగేస్తుంది. దానికి తోడు మన ఎండాకాలం. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది.

వారానికోసారి పావువంతు నీళ్ళు సైఫన్ పైపుతో అడుగునుంచి తీసి, కొత్తవి పోయండి. మున్సిపల్ నీళ్ళయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా వెడల్పాటి తొట్టెలో ఒక రోజు నిలవ ఉంచండి. అమెరికాలో ఉన్నవాళ్ళు మాత్రం నిలవ ఉంచడాన్ని నమ్ముకోవద్దు. అక్కడ చాలా ఊళ్ళ కుళాయి నీళ్ళలో ఉండే క్లోరమైన్ అలా పోదు, కండిషనర్ వాడాల్సిందే. ఇక స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే, మురికి వదిలేంతవరకే పిండండి. ఇంతే చేసి ఆగితే కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లోపు నీళ్ళు వాటంతటవే తేటపడతాయి.

పటిక వేస్తే తొందరగా తేరదా?

తేరుతుంది. పటిక సన్నటి రేణువుల్ని ముద్దలు కట్టించి అడుక్కి దించుతుంది. కానీ నీటి పీహెచ్‌ను కూడా తగ్గిస్తుంది, పీహెచ్ బాగా పడిపోయిన నీళ్ళలో అల్యూమినియం చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. పైగా అడుగున ఉన్న మేత అలాగే ఉంటుంది కాబట్టి తెలుపు మళ్ళీ వస్తుంది.

పచ్చగా మారితే?

నీళ్ళు ఎంత మార్చినా మిగిలిన నాచు కణాలు మళ్ళీ పెరుగుతాయి. కారణం వెలుతురు. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా జరిపి, లైటు రోజుకు 6 నుంచి 8 గంటలకు తగ్గించండి. అయినా పోకపోతే మూడు నాలుగు రోజులు మందపాటి దుప్పటి కప్పి, ఎయిర్ పంపు నడుపుతూ ఉంచండి. తర్వాత మూడోవంతు నీళ్ళు మార్చండి, చచ్చిన నాచు కుళ్ళితే మళ్ళీ అమ్మోనియానే.

పచ్చనీళ్ళు విషమేం కాదు. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల్లో రైతులు ఎరువులు వేసి మరీ నీటికి పచ్చదనం తెప్పిస్తారు, అది చేపలకు ఆహారం. అయితే నాచు రాత్రిపూట ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయేమోనని ఆ రైతులు గమనించేది అందుకే. ఇంటి తొట్టికీ అదే వర్తిస్తుంది.

భయపడాల్సింది ఎప్పుడు?

నీళ్ళ తెలుపుకంటే అమ్మోనియా ప్రమాదం, దానికి రంగు లేదు. తేటనీళ్ళలోనూ ఉండొచ్చు. టెస్ట్ కిట్ ఒక్కటే చెప్పగలదు. పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు, 8 దగ్గర అయిదు వంతుల దాకా పెరుగుతుంది. బోరు నీళ్ళ పీహెచ్ చాలాచోట్ల 7 దాటి ఉంటుంది కనుక ఆ నీళ్ళు వాడేవాళ్ళు మరింత జాగ్రత్తపడాలి. చేపలు మొప్పలు ఎగరేస్తూ పైకొస్తున్నా, కిట్‌లో అమ్మోనియా కనబడినా మేత పూర్తిగా ఆపి, రోజూ పావువంతు నుంచి సగం దాకా నీళ్ళు మార్చండి. ఆ హడావుడిలో కూడా ఫిల్టర్ జోలికి మాత్రం వెళ్ళకండి.