మీకు తెలుసా? ఇంగ్లీషు సర్వనామాల సంగతులు

● ఒకప్పుడు ఇంగ్లీషులో ఒక్కరితో మాట్లాడేటప్పుడు ‘దౌ’ అనేవారు. ‘యూ’ బహువచనం. గౌరవం కోసం ఒక్కరినీ బహువచనంలో పిలిచే అలవాటు ముదిరి, చివరికి ‘యూ’ ఒక్కటే మిగిలింది. అందుకే ఎదుట ఉన్నది ఒక్కరే అయినా ‘యూ ఆర్’ అంటాం, ‘యూ ఈజ్’ అనం.

● ‘దే’, ‘దెమ్’, ‘దెయిర్’ అచ్చ ఇంగ్లీషు మాటలు కావు. వైకింగుల భాష నుంచి వచ్చి చేరాయి.

● ఆడో మగో తెలియని ఒక్క వ్యక్తిని ‘దే’ అనడం కొత్త పోకడేమీ కాదు. 14వ శతాబ్దం నుంచీ ఉంది. 2019లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు ‘దే’నే ఆ ఏటి మాటగా ఎంపిక చేసింది.

● ‘దాని’ అనే అర్థంలో రాసే ‘ఇట్స్’కు అపాస్ట్రఫీ ఉండదు. ఉంటే అది ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హ్యాజ్’ అవుతుంది.

● మనవాళ్లు చాలామంది ‘మైసెల్ఫ్ రవి’ అని పరిచయం చేసుకుంటారు. అది సరికాదు, ‘ఐ యామ్ రవి’ అనాలి. చేసిన పని తిరిగి చేసినవారికే తగిలినప్పుడు ‘మైసెల్ఫ్’ వాడాలి: ‘ఐ కట్ మైసెల్ఫ్’.

● ‘గివ్ ఇట్ టు రవి అండ్ ఐ’ అనాలా, ‘మీ’ అనాలా? ‘రవి అండ్’ తీసేసి చదవండి. ‘గివ్ ఇట్ టు మీ’ అనే కదా అంటాం! కాబట్టి రవి ఉన్నా ‘మీ’యే సరైనది. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ చిట్కా వాడి చూడండి.