నీళ్ల తొట్టి పక్కన కంప్యూటరు

ఒక వస్తువు నీటిలో ఎందుకు మునుగుతుంది, మరొకటి ఎందుకు తేలుతుంది అన్న ప్రశ్న అంగన్‌వాడీ పిల్లలను సైతం ఆకట్టుకుంటుంది గాని, దానికి తడబడకుండా కారణం చెప్పగలిగే స్థితికి వారు చేరడానికి ఏళ్లు పడుతుంది. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే, ఆయన సహ పరిశోధకురాలు బార్బెల్ ఇన్‌హెల్డర్ ఈ ప్రశ్నకు వివిధ వయసుల పిల్లలు చెప్పిన కారణాలను 1955లో వెలువడిన తమ గ్రంథంలో విశ్లేషించారు. చిన్న పిల్లలు ఒక వస్తువు చిన్నది కాబట్టి తేలిందనీ, ఆ వెంటనే మరొకటి పెద్దది కాబట్టి తేలిందనీ చెబుతారు. ఆ రెండు మాటలకూ పొంతన లేదన్న సంగతి వారికి తట్టదు. కొంత ఎదిగాక బరువే కారణమని పట్టుబడతారు. వస్తువు బరువును, అంతే చోటు ఆక్రమించే నీటి బరువుతో పోల్చి చూడడం దాదాపు పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక గాని అలవడదు.

ఈ పోలికకు ఆధారమైన గుణం సాంద్రత, అంటే నిర్ణీతమైన చోటులో ఇమిడి ఉన్న ద్రవ్యరాశి. ఒక ఘన సెంటీమీటరు నీరు 1 గ్రాము, అంతే ఇనుము దాదాపు 7.9 గ్రాములు, అంతే మంచు దాదాపు 0.92 గ్రాములు ఉంటాయి కనుక ఇనుప మేకు మునిగి, మంచుగడ్డ తేలుతుంది. నీరు తనలో ఉన్న వస్తువును పైకి నెట్టే బలాన్ని ఉత్ప్లవన బలం అంటారు. అది ఆ వస్తువు పక్కకు తొలగించిన నీటి బరువుకు సమానమని క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దిలోనే ఆర్కిమిడీస్ తేల్చాడు. రైతులు విత్తనపు వడ్లను ఉప్పునీటిలో పోసి, తేలిన తాలు గింజలను తీసివేసి, మునిగిన గట్టి గింజలను నారుమడికి వాడుకోవడంలో ఉన్నదీ ఇదే సూత్రం. ఇదంతా ఉపాధ్యాయులకు తెలిసి ఉండాలి గాని, ఒకటో తరగతి పిల్లల చేత ఈ పదాలను వల్లె వేయించడం వృథా శ్రమ.

ఆ వయసులో అలవరచవలసింది ముందుగా ఊహించి చెప్పడం, తరువాత చేసి చూడడం, ఊహ తప్పితే కారణం కోసం వెతకడం. అందుకు వస్తువుల ఎంపిక కీలకం. రాయి, ఆకు, ఇనుప మేకు, ప్లాస్టిక్ మూత మాత్రమే ఇస్తే బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి అన్న తప్పు నమ్మకం మరింత గట్టిపడుతుంది. పెద్ద గుమ్మడికాయ తేలి, చిన్న గోళీ మునిగిపోయినప్పుడు ఆ నమ్మకం మొదటిసారిగా కదులుతుంది. బంకమట్టి ఇంకా మంచి సాధనం. ముద్దగా చేసి వేస్తే మునిగే మట్టిని అదే బరువుతో పలుచని దొన్నెలా మలచి నీటిపై ఉంచితే తేలుతుంది, ఎందుకంటే దొన్నె ఆకారం ఎక్కువ నీటిని పక్కకు తొలగిస్తుంది. దొన్నెలో ఒక్కొక్క చింతగింజ వేస్తూ ఎన్నింటికి మునుగుతుందో లెక్కపెట్టమంటే పిల్లలు దాని అంచులు ఎత్తు చేయడం, అడుగు వెడల్పు చేయడం ఎవరూ చెప్పకుండానే మొదలుపెడతారు. మామూలు నీటిలో మునిగిన తాజా కోడిగుడ్డు తగినంత ఉప్పు కలిపాక పైకి తేలడం చూస్తే, వస్తువుతో పాటు నీటినీ పరిగణించాలని వారికి అర్థమవుతుంది. పెద్ద తరగతుల పిల్లలకు 1213 నాటి రామప్ప గుడి శిఖరంలోని తేలే ఇటుకల సంగతి కూడా చెప్పవచ్చు. సన్నని రంధ్రాలలో గాలి నిండి ఉండడం వల్ల వాటి సాంద్రత తక్కువ.

ఈ పాఠంలోకి కంప్యూటరు ఎప్పుడు, ఏ పని మీద రావాలన్నది ముఖ్యమైన ప్రశ్న. పియాజేతో కొన్నేళ్లు జెనీవాలో పనిచేసిన సేమూర్ పాపర్ట్, తన సహచరులతో కలిసి 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించాడు. అందులో తాబేలు అనే బొమ్మను ముందుకు నడవమని, పక్కకు తిరగమని పిల్లలే ఆదేశిస్తారు. కంప్యూటరు పిల్లలను నడిపించకూడదు, పిల్లలే దాన్ని నడిపించాలన్నది ఆయన దృఢమైన అభిప్రాయం. మునగడం, తేలడం చూపే ఆటలు తెరపై ఎన్ని ఉన్నా, అక్కడ రాయి మునగడానికి కారణం ప్రోగ్రాము రాసిన వ్యక్తి అలా నిర్ణయించడమే. దాన్ని చూసిన పిల్లవాడు ఒకరి మాట విన్నట్టే తప్ప తానుగా పరీక్షించినట్టు కాదు. కాబట్టి నీళ్ల తొట్టి ముందు, కంప్యూటరు తరువాత అన్న క్రమాన్ని పాటించడమే సరైనది.

తొట్టి దగ్గర పని ముగిశాక కంప్యూటరు పరిశీలనల పుస్తకంగా ఉపయోగపడుతుంది. తెరపై రెండు గడులు గీసి, ఒకదానికి తేలినవి, మరొకదానికి మునిగినవి అని పేరు పెట్టి, బొమ్మలను మౌస్‌తో పట్టి లాగి తగిన గడిలో వదలమనాలి. మీట నొక్కి పట్టుకునే చేతిని జరపడం చిన్న వేళ్లకు మొదట కష్టమే. బొమ్మ దారిలో జారిపోతే విసుక్కోకుండా మళ్లీ పట్టుకోనివ్వాలి. వస్తువుల పేర్లను తెలుగులోనే టైపు చేయించడం మేలు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉండడం వల్ల అక్షరాల అమరిక త్వరగానే పట్టుబడుతుంది. పనిని భద్రపరచి, మరునాడు తెరిచి, తమ ఊహలలో ఏవి తప్పాయో చూసుకున్నప్పుడు సేవ్ చేయడమంటే ఏమిటో వేరే వివరించనక్కరలేదు.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కదలకుండా తెర ముందు గడిపే సమయం రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నీటి విషయంలో జాగ్రత్త అంతకన్నా ముఖ్యం, కొద్ది అంగుళాల నీటిలోనూ పసివారు మునిగి ప్రాణాలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది గనుక పాఠం జరిగినంతసేపూ పెద్దవారు పక్కనే ఉండి, అది ముగియగానే తొట్టిని ఖాళీ చేయాలి. విద్యుత్తు పరికరాన్ని నీటికి దూరంగా పెట్టాలి. ఒకే కంప్యూటరు ఉన్న బడిలో కొందరు తొట్టి దగ్గర, కొందరు తెర దగ్గర వంతులవారీగా పనిచేయవచ్చు. అసలు కంప్యూటరే లేని బడులు అది వచ్చేదాకా ఆగకుండా, పలకపై రెండు గడులు గీసి రేపే ఈ పాఠం మొదలుపెట్టాలి.