పరిచారిక మనస్సు



మన వెల్దుర్తి ప్రాంతమున ఎవని మతియైనను చలించినచో, ఆ యింటికి పోయి “రోగి యెట్లున్నాడు?” అని అడుగుట మనకు వాడుక. రాత్రులు మేల్కొని వానిని కనిపెట్టుకొనియుండు తల్లినిగాని భార్యనుగాని “నీ వెట్లున్నావమ్మా?” అని అడుగువారు అరుదు. ఆ రెండవ ప్రశ్నను మనకు నేర్పు చలనచిత్ర మొకటి కలదు.

అది 1960లో గుత్తా రామినీడుగారి దర్శకత్వమున వెలువడిన ‘చివరకు మిగిలేది’. బుచ్చిబాబుగారి నవలకును దీనికిని పేరొక్కటియే గాని కథ వేఱు. దీని మూలము వంగభాషలో అశుతోష్ ముఖోపాధ్యాయుడు వ్రాసిన కథ. అసిత్ సేన్ దానినే 1959లో వంగభాషలోను, 1969లో ‘ఖామోషీ’ అను పేర హిందీలోను చిత్రముగా తీసెను. తెలుగున పరిచారిక పాత్రను ధరించినది మన ఉమ్మడి గుంటూరు జిల్లా చిఱ్ఱావూరున జన్మించిన సావిత్రి.

కథ యిది. ప్రేమభంగముచే మతి తప్పిన యువకునకు ఆదరమే ఔషధమని తలచిన వైద్యుడు, వానియెడ అనురాగమును నటింపుమని పరిచారికను నియోగించును. రోగి కోలుకొని తన దారిని పోవును. ఆమె మనస్సు మాత్రము నటనతో నిలువలేదు. ఆ గాయము మానకమునుపే మఱియొక రోగి వచ్చును; మరల అదే భారము ఆమెపై పడును. అతడును స్వస్థుడగును. తుదకు మతి చెదరిన ఆమె, తాను సేవచేసిన చోటనే రోగియై చేరును.

ఇట్లు ప్రేమ నటించుట వైద్యపద్ధతి కాదు. అది కథకుని కల్పన. సేవచేయువారి మనస్సు అలసి కుంగుట మాత్రము సత్యము. భరతుడు ఉన్మాదమును ముప్పదిమూడు సంచారిభావములలో చేర్చి, ఇష్టజనవియోగమును దాని కారణములలో నొకటిగా చెప్పెను. చరకుడు ఉన్మాదమును ఐదు విధములని చెప్పి, అందు నాలుగింటికి వాతాది దేహదోషములనే కారణముగా నిర్ణయించి, చికిత్స విధించెను. కావున పిచ్చి యన్నంతనే దయ్యమని భూతవైద్యుని కడకు పరుగిడుట పూర్వుల మతము ననుసరించుట యనిపించుకొనదు.

నేడు 2017 నాటి చట్టము మానసిక చికిత్సను ప్రతివాని హక్కుగా చేసినది. 2022 అక్టోబరులో ప్రారంభమైన 14416 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు రోగియేగాక, రోగిని చూచుకొనువారును తమ బాధ చెప్పుకొనవచ్చును, తెలుగుననే మాటలాడవచ్చును.

పెద్దలారా, అట్టి యింటికి మీరు పోయినపుడు ఒక రాత్రి కావలి మీ వారిచే చేయింపుడు. ఆ తల్లి ఒక్క రాత్రి కన్ను మూసి నిదురించిన, మఱునాడు సేవచేయుటకు ఆమెకు శక్తి కలుగును.