కుడివైపున మొదలయ్యే పేజీ

సౌదీ అరేబియాలో సామాన్యులకు ఇంటర్నెట్ 1999లో అందింది. రియాద్‌లోని కింగ్ అబ్దులజీజ్ సిటీ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీయే అప్పట్లో దేశం మొత్తానికీ దాని ద్వారం. అయితే 1993లో మొజాయిక్ పేరుతో జనంలోకి వచ్చిన బ్రౌజర్, ఎడమ నుంచి కుడికి చదివేవాళ్ల చేతుల్లో పెరిగింది. పేజీ ఎడమ అంచున మొదలవుతుందన్న ఊహ దాని లెక్కల్లో లోతుగా పాతుకుపోయింది. అరబ్బీ అలా కాదు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. ఒకే వాక్యంలో రెండు దిక్కులు.

పేజీ రూపురేఖలను విడిగా రాసుకునే సీఎస్ఎస్‌ను హాకన్ వియమ్ లీ 1994లో ప్రతిపాదించగా, 1996 డిసెంబరులో అది ప్రమాణమైంది. పేజీ ఏ దిక్కున నడవాలో చెప్పే ఏర్పాటు 1997లో హెచ్‌టీఎమ్ఎల్ 4లోనూ, మరుసటి ఏడు సీఎస్ఎస్ రెండో రూపంలోనూ చేరింది. నియమం ఒక్కటే, దాన్ని చదివి తెరమీద గీసే ఇంజిన్లు మాత్రం వేరు: ఫైర్‌ఫాక్స్‌లో గెకో, సఫారీలో వెబ్‌కిట్, క్రోమ్‌లో 2013 నుంచి బ్లింక్. నియమం నోరు మెదపని చోట ఎవరికి తోచింది వారు చేశారు.

స్క్రోలింగ్ సంగతే చూడండి. 1000 పిక్సెళ్ల వెడల్పున్న పట్టికలో 400 మాత్రమే తెరపై కనిపిస్తున్నాయనుకుందాం. మిగతా 600 పక్కకు జరిపి చూడాలి. ఎంత జరిగిందో చెప్పే అంకె పేరు స్క్రోల్‌లెఫ్ట్. ఇంగ్లిష్ పేజీలో పేచీ లేదు: ఎడమ అంచున 0, కుడి చివర 600. అరబ్బీ పేజీ కుడి అంచున తెరుచుకుంటుంది. అక్కడ క్రోమ్ 600 అని చెప్పి, ఎడమ చివరికి చేరేసరికి 0 అనేది. ఫైర్‌ఫాక్స్ 0తో మొదలై, ఎడమకు పోయేకొద్దీ రుణ సంఖ్యల్లోకి దిగి -600 దగ్గర ఆగేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా 0తోనే మొదలై 600కి ఎక్కేది. ఏ లెక్కా తప్పు కాదు, కానీ ఒకదాన్ని నమ్మి రాసిన బాణం గుర్తు బొత్తాం ఇంకోదాంట్లో పనిచేయదు.

దీనికి డెవలపర్లు పట్టుకున్న ఉపాయం మెచ్చుకోదగ్గది. నువ్వు ఏ బ్రౌజర్‌వని అడగడం మానేశారు. కంటికి కనిపించని చిన్న పెట్టెను అరబ్బీ దిక్కులో తయారుచేసి, అది మొదట ఏ అంకె చెబుతుందో చూశారు. సున్నా కాకపోతే పాత క్రోమ్ పద్ధతి. సున్నా అయితే 1 అని రాసి చూస్తారు. 1 నిలిస్తే ఎక్స్‌ప్లోరర్ పద్ధతి, మళ్లీ సున్నాకే వస్తే ఫైర్‌ఫాక్స్ పద్ధతి. పేరు అడిగితే మోసపోయే ప్రమాదం నిజంగానే ఉంది. ఐఫోన్‌లోని క్రోమ్ లోపల నడిచేది వెబ్‌కిట్ ఇంజినే. యాపిల్ పెట్టిన ఆ నిబంధన 2024లో సడలినా, అప్పట్లో అది యూరోపియన్ యూనియన్ వరకే. రియాద్‌లో ఒకే టేబుల్ మీదున్న రెండు ఫోన్లలో 'క్రోమ్' పేరుతో రెండు వేర్వేరు ఇంజిన్లు ఉండొచ్చు.

2020 ఆగస్టులో వచ్చిన క్రోమ్ 85 రుణ సంఖ్యల పద్ధతికే మారింది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ సెలవిచ్చింది. ఈలోగా సీఎస్ఎస్ కూడా మారింది. 'ఎడమ అంచు', 'కుడి అంచు' అని కాక 'మొదలు', 'చివర' అని రాసే పదాలు వచ్చాయి. మార్జిన్-లెఫ్ట్ బదులు మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్ అని రాస్తే, పేజీ దిక్కు మారినప్పుడు ఖాళీ తనంతట తానే అటు మళ్లుతుంది. ఇంత చిన్న మార్పుకు ఇరవై ఏళ్లు ఎదురుచూడాల్సింది కాదు.

కొన్ని తేడాలకు ఇంజిన్‌ను నిందించి లాభం లేదు. 2025 ఫిబ్రవరి 20న సౌదీ రియాల్‌కు కొత్త గుర్తు ప్రకటించారు. యూనికోడ్ 17.0లో దానికి యూ+20సీ1 అనే స్థానం దక్కింది సెప్టెంబరు 9న. స్థానం దక్కినా, ఆ గుర్తున్న ఫాంట్ లేని ఫోన్‌లో ఖాళీ పెట్టే కనిపిస్తుంది. బొమ్మగా పెడితే ఇంకో చిక్కు: అరబ్బీ వాక్యంలో బొమ్మకు సొంత దిక్కు ఉండదు కాబట్టి, అంకెకు ముందు రాసినా కుడి పక్కకు పోయి కూర్చుంటుంది. గుర్తునూ అంకెనూ కలిపి ఎడమ-కుడి దిక్కున్న ప్రత్యేక పెట్టెలో ఉంచితే కుదురుతుంది. మన రూపాయి గుర్తుకూ ఈ కష్టం తప్పలేదు. 2010 జులైలో కేంద్రం ఆమోదించిన వెంటనే మంగళూరు సంస్థ ఫోరాడియన్ ఒక ఫాంట్ ఇచ్చింది. అందులో బ్యాక్‌టిక్ (`) మీట నొక్కితే రూపాయి గుర్తు పడేది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో మాత్రం ఉత్త బ్యాక్‌టిక్కే కనిపించేది.

ఫాంట్ ఉన్నా, దిక్కు కుదిరినా అక్షరాలు తెగిపోయే సందర్భాలున్నాయి. అరబ్బీలో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. ఇంగ్లిష్ శీర్షిక అందం కోసం అక్షరాల మధ్య పెంచిన ఖాళీయే అరబ్బీ పేజీకి వర్తిస్తే మాట ముక్కలు కావొచ్చు. అది పేజీ రాసినవాళ్ల పొరపాటు. పదంలో ఒక్క అక్షరానికి రంగు వేసినప్పుడు వెబ్‌కిట్‌లో తెగి, ఫైర్‌ఫాక్స్‌లో నిలిస్తే, అది ఇంజిన్ లోపం. ఏది ఎవరి తప్పో తేల్చడానికి ఒకటే దారి: పేజీలోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ, తప్పు ఇంకా కనిపించే అతి చిన్న ముక్క మిగిలేదాకా వెళ్లడం.

జెడ్డా, దమ్మాంలలో పనిచేసే మనవాళ్లకు వీసా, ఇకామా (నివాస అనుమతి) పనులు ఇప్పుడు అబ్షర్ వంటి ప్రభుత్వ సేవల తెరమీదే. అలాంటి పేజీలో ఒక బొత్తాం కదలకపోతే ఒక మనిషి పని ఆగుతుంది. గల్ఫ్ సంస్థల కోసం పేజీలు కట్టే తెలుగు డెవలపర్లు అప్పగించే ముందు అరబ్బీ రూపాన్ని మూడు ఇంజిన్లలోనూ, అందులోనూ ఐఫోన్ మీద, తప్పక తెరిచి చూడాలి. ఇంజిన్‌దే తప్పని తేలితే ఆ చిన్న ముక్కను గెకో, వెబ్‌కిట్, బ్లింక్ బృందాల బగ్ పట్టికల్లో నమోదు చేయాలి. అవి ఎవరైనా రాయగలిగేవే.