బుట్ట అడుగున పేరు

సంతలో ఒక బుట్ట కొంటారు. బియ్యం చెరగడానికి చేట కొంటారు. దాన్ని ఎవరు అల్లారు? మేదరి వాళ్ళు అల్లారని చెబుతారు. ఏ ఊరి మేదరి? ఆమె పేరేమిటి? బుట్ట మీద పేరు ఉండదు కదా!

జపాన్ దేశంలో కూడా ఒకప్పుడు ఇంతే. అక్కడ వెదురు బాగా పెరుగుతుంది. చేపలకు బుట్ట, కూరలకు బుట్ట, పూలకు బుట్ట, అన్నీ వెదురుతోనే. అల్లినవాళ్ళ పేరు ఎవరూ అడగలేదు. చైనా నుంచి వచ్చిన పూలబుట్టలంటే మాత్రం షావుకార్లకు మోజు. జపాన్ వాళ్ళు వాటిని చూసి అచ్చం అలాగే అల్లేవాళ్ళు.

ఒసాకా నగరంలో హయకావా షోకోసాయి అనే పనివాడు ఉండేవాడు. 1815లో పుట్టాడు. తాను అల్లిన బుట్ట మీద ఆయన తన పేరు చెక్కాడు. అలా పేరు పెట్టిన మొదటి బుట్టల పనివాడు ఆయనే అంటారు. చూడటానికి చిన్న పనే. కానీ ఆ తర్వాత మిగతావాళ్ళూ పేర్లు చెక్కడం మొదలుపెట్టారు. పేరున్న బుట్టకు ధర వేరు, మర్యాద వేరు.

ఆ పని ఎంత కష్టమో వెదురు చీల్చినవాళ్ళకే తెలుసు. చలి రోజులు వచ్చాక వెదురు కొడతారు. అప్పుడు కొడితే పురుగు పట్టదు. నిప్పు సెగ చూపించి గానీ, నీళ్ళలో ఉడికించి గానీ లోపలి నూనె తీస్తారు. ఎండలో ఆరబెడతారు. కత్తితో రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుస్తారు. లోపలి మెత్తని భాగం తీసేస్తారు. బద్దలన్నీ ఒకే వెడల్పు ఉండాలి. కొందరు పాత ఇళ్ళ కప్పుల నుంచి తీసిన వెదురు వాడతారు. నూరేళ్ళ పైన పొయ్యి పొగ తగిలి అది ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ఏ రంగు పూసినా ఆ అందం రాదు. పొగ తాగిన కర్రకు అంత విలువ!

1967లో షోనో షోఉన్సాయి అనే పనివాడికి జపాన్ ప్రభుత్వం పెద్ద గౌరవం ఇచ్చింది. ఆ గౌరవం పొందినవాళ్ళను అక్కడి జనం బతికున్న జాతీయ సంపద అంటారు. వెదురు పనిలో అది అందుకున్న మొదటివాడు ఆయనే. ఆయనది బెప్పు అనే ఊరు. ఆ ఊళ్ళో వెదురు పని నేర్పే బడి ఉంది. ఇప్పుడు అక్కడ ఆడవాళ్ళూ నేర్చుకుంటున్నారు.

ఇంతలో ప్లాస్టిక్ బుట్టలు వచ్చాయి. జపాన్‌లో వెదురు బుట్టలకు గిరాకీ తగ్గింది. ఏళ్ళ తరబడి నేర్చుకున్న పనికి కూలి గిట్టకపోతే ఎవరు చేస్తారు? అప్పుడు అమెరికా వాళ్ళు కొందరు ఈ బుట్టలను ఇష్టపడి కొన్నారు. పూలు పెట్టుకోవడానికి కాదు, చూసుకోవడానికి. దాంతో పనివాళ్ళు అల, గాలి, మెలి తిరిగిన తీగ లాంటి ఆకారాలు అల్లసాగారు. వాటిలో గుప్పెడు వంకాయలు కూడా నిలవవు. ఇదేం బుట్ట అని నవ్వినవాళ్ళూ ఉంటారు. అయినా ఆ కొనుగోళ్ళతోనే కొందరి ఇళ్ళలో పొయ్యి వెలిగింది.

2017లో న్యూయార్క్ నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఈ వెదురు పనుల ప్రదర్శన పెట్టారు. 2018లో పారిస్ నగరంలోనూ పెట్టారు. న్యూయార్క్‌లో తనబె చికూన్సాయి అనే ఆయన నేల నుంచి పైకప్పు దాకా వెదురు ద్వారం అల్లాడు. ఆయన ఇంట్లో ఇది నాలుగో తరం పని. పులి ఒంటి మీదలా మచ్చలున్న వెదురు అది. మేకు లేదు, జిగురు లేదు. ప్రదర్శన అయిపోయాక అల్లిక విప్పేస్తారు. బద్దలను తడిపి, మరో చోట మరో ఆకారానికి వాడతారు.

చిన్న బుట్టలను మాత్రం అద్దాల పెట్టెల్లో పెట్టారు. పనివాడు పేరు చెక్కేది చాలాసార్లు అడుగునే. తిరగేస్తే తప్ప కనబడదు. అందుకే ప్రతి బుట్ట పక్కన ఒక అట్టముక్క మీద అల్లినవాళ్ళ పేరు అచ్చువేసి పెట్టారు. వచ్చినవాళ్ళు ముందు బుట్ట చూస్తారు, తర్వాత వంగి ఆ పేరు చదువుతారు.